ఇరవై నిమిషాల భోజనం

పక్కనే నడుస్తున్న పెళ్ళాన్ని మరిచిపోయి, ఒక మనిషి కాళ్ళు వాటంతటవే వేరే గుమ్మంలోకి ఎలా వెళ్తాయి? మతిమరుపు మనిషా అంటే కాదు. ముప్ఫై నాలుగేళ్ళ పనిలో ఒక్క మలుపు మరిచిపోయినవాడు కాదు. పెళ్ళామంటే గిట్టనివాడా అంటే అదీ కాదు. మరెందుకలా జరిగింది? ఎన్నేళ్ళు ఆలోచించినా, ఎటు తిప్పి చూసినా, ఈ ప్రశ్నకు ఇప్పటికీ జవాబు దొరకలేదు. జరిగింది మాత్రం చెప్పుకోవచ్చు.

ఆవిడది చొక్కా గుండీలకు కాజాలు కుట్టే పని. బజారు వీధిలో మేడ మీద ఒక కుట్టు దుకాణం. లోపల ఆరు మిషన్లు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటున్నట్టు చప్పుడు చేస్తుంటే, కిటికీ పక్కన మిషన్ లేని స్టూలు మీద ఆవిడ ఒక్కతే చప్పుడు లేకుండా కూర్చునేది. మిషన్ల మీద పుట్టిన చొక్కాలన్నీ చివరకు ఆవిడ ఒళ్ళోకి వచ్చేవి. సబ్బు ముక్కతో గీత గీసి, చిన్న కత్తెర మొనతో కోసి, ఆ కోత అంచు చుట్టూ కుట్టు పక్కన కుట్టు పేర్చుకుంటూ పోయేది. "కోసింది మూసుకుపోకూడదు, చిరిగిపోనూ కూడదు. కాజా అంటే అంతే" అని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేది. అంతకు మించి పాఠం లేదు. ఆ దుకాణంలోనూ, ఉంటున్న వీధిలోనూ ఆవిడ పేరు కాజాలమ్మ.

తినడం కూడా అదే తీరు. ముద్ద తీసుకుని, దాన్నొకసారి చూసి, నోట్లో పెట్టుకుని, ఎటో ఆలోచిస్తూ నమిలేది. పక్కవాళ్ళు చేతులు కడుక్కుని వచ్చినా ఆవిడ కంచంలో సగం మిగిలే ఉండేది. "అక్కా, నువ్వు అన్నం తింటున్నావా, అన్నానికి కాజాలు కుడుతున్నావా?" అని పక్క వీధిలో ఉండే చెల్లెలు ఏడిపించేది. "నాకు తొందరేముందే, నా బస్సేం పోవడం లేదుగా" అనేది ఆవిడ.

బస్సు మాట ఊరికే రాలేదు. ఆవిడ భర్త దూరప్రయాణాల బస్సు డ్రైవరు. పన్నెండు గంటలు ఒక దారి, పన్నెండు గంటలు తిరుగుదారి, మధ్యలో ఒక పగలు నిద్ర. ఇంటికి వచ్చినా చుట్టంలాగే వచ్చేవాడు. పిల్లలు కలగలేదు. ఆ మాట మీద ఇద్దరూ ఎక్కువసేపు నిలబడకుండా దాటిపోయారు. ఆయనకు వీధిలో ఒక పేరుంది, "ఇరవై నిమిషాలు". దారిలో హోటల్ దగ్గర బస్సు ఆపగానే వెనక్కి తిరిగి, "ఇరవై నిమిషాలు! ఇరవై అంటే ఇరవయ్యే!" అని కేక పెట్టడం ఆయన అలవాటు. ఎదురింటి ఆయన ఒకసారి ఆ బస్సెక్కి ఆ కేక విని వచ్చి, వీధంతా పంచిపెట్టాడు. పాలవాడు కూడా "ఇరవై నిమిషాలుగారు ఊళ్ళో ఉన్నారా అమ్మా?" అనేవాడు, నవ్వకుండా.

దూరప్రయాణపు బస్సులు ఆగే హోటళ్ళకు ఒక పద్ధతుంది. నలభై మంది ఆకలిగొన్నవాళ్ళను గుమ్మం ముందు దింపినవాడికి హోటలువాళ్ళు ఊరికే భోజనం పెడతారు. హాల్లో కాదు. పక్కన పరదా కట్టిన చిన్న గది ఉంటుంది, డ్రైవర్ల గది. అక్కడ గోడకు బిగించిన బల్ల, దాని ముందు బెంచీ. గోడ వైపు తిరిగి కూర్చోవాలి. కూర్చోగానే కంచం వస్తుంది. ఎనిమిది నిమిషాల్లో తినడం, అయిదు నిమిషాలు బెంచీ మీదే నడుం వాల్చడం, లేచి ముఖం కడుక్కుని బస్సు చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూడడం, హారన్ కొట్టడం. ముప్ఫై నాలుగేళ్ళు ఆయన ఏడాదిలో సగం పూటలు అలా హోటళ్ళలోనే తిన్నాడు. ఒక్క హోటల్ హాలు కూడా చూడలేదు. ఎదురుగా మనిషిని పెట్టుకుని తిన్నదీ లేదు.

"ఇవాళ ఏం పెట్టారండీ హోటల్లో?" అని ఆవిడ కొత్తలో ఆశగా అడిగేది.

"వేడిగా పెట్టారు."

"అదే, ఏం కూర?"

ఆయన నిజంగానే ఆలోచించేవాడు. గోడ మీద క్యాలెండరు, పెచ్చులూడిన సున్నం, బల్ల మీద ఎవరో మేకుతో చెక్కిన బస్సు బొమ్మ, అన్నీ గుర్తొచ్చేవి. కూర గుర్తొచ్చేది కాదు. "ఏదో మెత్తగా ఉండింది" అనేవాడు చివరకు, తప్పు చేసినవాడిలా.

ఒక్క విషయంలో మాత్రం ఆయనకు గర్వం ఉండేది. హోటల్ దగ్గర హారన్ కొట్టాక బస్సెక్కి, వెనక్కి తిరిగి, "మీ పక్క సీటువాళ్ళు వచ్చారా? ఎవరి పక్కవాళ్ళను వాళ్ళు చూసుకోండి!" అనేవాడు. "తలలు లెక్కపెడితే ఒకటి తప్పుతుందే. పక్క మనిషిని మనిషి చూసుకుంటే తప్పదు. ముప్ఫై నాలుగేళ్ళలో ఒక్కణ్ణి దారిలో వదిలి రాలేదు" అని కనీసం వందసార్లు చెప్పి ఉంటాడు. ఆవిడ దారం కొరుకుతూ వినేది.

దుకాణంలో మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళ, ఆదివారం ఎవరెవరు ఏ హోటల్‌కి వెళ్ళారో చెప్పుకునేవారు. ఎవరో ఏదో కింద పోసుకున్నారు, ఎవరి మరిదో బిల్లు చూసి తెల్లబోయాడు, అలాంటివి. ఆవిడకు చెప్పడానికేమీ ఉండేది కాదు. "మీ ఆయన తినని హోటల్ లేదు, నువ్వు తిన్న హోటల్ లేదు, భలే జంట దొరికారే" అని కత్తిరింపుల మేస్త్రీ అంటే అందరితో పాటు ఆవిడా నవ్వేది. కానీ లోపలొక కోరిక ఉండేది. పెద్దదేం కాదు. ఒక్కపూట ఒక హోటల్లో ఆయన ఎదురుగా కూర్చోవాలి. మొదటి ముద్ద నుంచి చివరి ముద్ద దాకా. ఇద్దరూ కలిసి లేవాలి. అంతే. రిటైరయ్యాక చూద్దాంలే అనుకుంది.

రిటైరైన మొదటి ఆదివారమే ఆయన చొక్కా మార్చుకుని, "పద, మన వీధి చివర హోటల్‌కి" అన్నాడు. మెట్ల పక్కన అద్దం, ఎనిమిది బల్లలు, మూలగా తిరిగే ఫ్యాను, బల్లకు నాలుగు కుర్చీలు. ఆవిడ మంచి చీర కట్టుకుంది. కూర్చున్నారు. సర్వరు వచ్చి ఏం కావాలని అడిగితే ఆయన బిత్తరపోయి ఆవిడ వైపు చూశాడు. ఏం కావాలని ఆయనను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు మరి.

కంచాలు వచ్చాయి. ఆవిడ ముద్ద తీసుకుని చూసింది. నోట్లో పెట్టుకుంది. తల ఎత్తేసరికి ఎదుటి కంచం సగం ఖాళీ. "నిదానంగా తినండి" అంది. "ఊఁ" అన్నాడు. నాలుగో ముద్దకు కంచం నున్నగా ఉంది. ఎనిమిదో నిమిషంలో లేచాడు, చేయి కడుక్కున్నాడు, బయటకు నడిచాడు. కిటికీలోంచి ఆవిడకు కనబడుతూనే ఉంది. హోటల్ ముందు ఎవరివో మూడు కార్లు ఆగి ఉంటే, ఆయన ఒక్కో కారు చుట్టూ తిరిగి టైర్లు తట్టి చూస్తున్నాడు. మూడోది కాస్త గాలి తక్కువనిపించిందేమో, వంగి మళ్ళీ తట్టాడు. తరువాత గుమ్మంలోకి తల పెట్టి, హాలంతా వినబడేలా, "ఇరవై నిమిషాలయింది!" అన్నాడు.

హోటలంతా గొల్లున నవ్వింది. ఒక పెద్దాయన నిజంగానే కంగారుపడి సగం లేచాడు. ఆవిడ నోట్లో ముద్ద ఉండిపోయింది. నవ్వాలో ఏడవాలో తేలక మింగేసింది.

ఇంటికి వచ్చాక ఆయనే మొదలుపెట్టాడు. "కావాలని లేవలేదే. కంచం ఖాళీ అయితే కాళ్ళు నిలబడవు. ఏదో ఆగిపోయిన బండిలో కూర్చున్నట్టుంటుంది."

"ఎవరన్నారు కావాలని లేచారని?"

"నువ్వన్లేదు. నీ ముఖమంటోంది."

మరో మూడుసార్లు వెళ్ళారు. రెండోసారి పది నిమిషాలు కూర్చున్నాడు. మూడోసారి తొమ్మిది. నాలుగోసారి, "నన్ను గోడ పక్క కుర్చీలో కూర్చోబెట్టి బల్ల ముందుకు లాగు, లేవడానికి దారుండదు" అని ఆయనే ఉపాయం చెప్పాడు. ఎనిమిదో నిమిషంలో బల్లతో సహా లేచాడు. నీళ్ళగ్లాసులు దొర్లాయి. సర్వరు గుడ్డ తెచ్చి తుడుస్తూ, "అయ్యగారికి అర్జెంటు పనేమైనా ఉందా అమ్మా?" అనడిగాడు. ఏ పనీ లేదు. ఆ రోజుకే కాదు, ఆ జన్మకే ఇక ఆయనకు పని లేదు. ఆ మాట సర్వరుకెలా చెప్తుంది?

ఆ తరువాత ఆవిడ అడగడం మానేసింది.

ఆ ఏడాది చివర్లో ఆవిడకు గొంతులో ఏదో అడ్డుపడుతున్నట్టు మొదలైంది. ముందు రొట్టె దిగేది కాదు. తరువాత అన్నం ముద్దకు నీళ్ళు తోడు కావలసి వచ్చేది. ఎప్పుడూ నిదానంగానే తినే మనిషి కాబట్టి ఎవరికీ తేడా తెలియలేదు. తెలిసింది ఆవిడ ఒక్కదానికే. డాక్టరు గొంతులోకి దీపం వేసి చూసి, కాగితం మీద చాలాసేపు రాసి, దూరంగా ఉన్న పెద్దాసుపత్రికి పంపాడు. ఆపరేషన్ చెయ్యాలన్నారు.

"అయ్యాక మామూలుగా తినొచ్చా డాక్టరుగారూ?" అని ఆవిడే అడిగింది.

"ముందు ఆపరేషన్ కానివ్వండి. తరువాత మింగడం సంగతి చూద్దాం."

చూద్దాం అనే మాట ఆవిడకు కొత్త కాదు. చిరిగిన చొక్కా పట్టుకుని వచ్చి బాగవుతుందా అని అడిగినవాళ్ళకు దుకాణంలో తామూ అదే మాట చెప్పేవారు. బాగుకాని చొక్కాలకు మాత్రమే.

ఆ రాత్రి దాచుకోలేదు. అడిగేసింది. "ఆసుపత్రిలో చేరేముందు ఒక్కసారి హోటల్లో నా ఎదురుగా కూర్చోండి. నేను తినేదాకా. నాకు గంటన్నర పట్టినా సరే."

ఆయన తువ్వాలు మడత పెట్టాడు, విప్పాడు, మళ్ళీ పెట్టాడు. "వెళ్ళేది మన లైను బస్సులోనేగా. ఆగేది నేను ఇరవై ఏళ్ళు ఆపిన హోటల్ దగ్గరే. ఆ హాలు నేనూ చూడలేదు. అక్కడ కూర్చుందాం. డ్రైవరు తెలిసినవాడే, కాస్త ఎక్కువసేపు ఆపమని చెప్తా" అన్నాడు. "ఈసారి లేవనే. ఒట్టు."

వారం రోజులు ఇంట్లో సాధన జరిగింది. ముద్దకు ఇరవై లెక్కపెట్టి నమలాలని ఆవిడ నేర్పింది. ఆయన వేళ్ళు ముడుస్తూ లెక్కపెట్టేవాడు. పదమూడు దగ్గర గుటుక్కున మింగి, "మింగేశా" అని నిజం ఒప్పుకునేవాడు. చెమటలు పట్టేవి. చెల్లెలు చూసి, "బావగారూ, కొండదారిలో బస్సు నడపడం తేలికా, ముద్ద నమలడం తేలికా?" అంది. "కొండదారిలో బ్రేకుంటుందమ్మా" అన్నాడాయన.

ప్రయాణం రోజు వచ్చింది. పదకొండు, పన్నెండు సీట్లు. మధ్యాహ్నం ఒంటిగంటకు బస్సు హోటల్ ఆవరణలోకి తిరిగి ఆగింది. డ్రైవరు మధ్య వయసువాడు, ఒకప్పుడు ఈయన దగ్గర పని నేర్చుకున్నవాడు. "గురువుగారు చెప్పారు, ఇవాళ ముప్ఫై నిమిషాలు!" అని కేక పెడితే అందరూ సంతోషించారు. ఆయన ముందు దిగి, ఆవిడ చేయి పట్టుకుని దింపాడు. ఇద్దరూ పక్కపక్కనే కంకర మీద నడిచారు. కంకర దాటాక నాలుగు మెట్లున్నాయి. ఆవిడ చీర కుచ్చెళ్ళు పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. "ఏమండీ, కిటికీ పక్కన కూర్చుందామా?" అని తిరిగి చూస్తే పక్కన ఎవరూ లేరు.

చెయ్యి కడుక్కోవడానికి వెళ్ళాడనుకుంది. కిటికీ పక్క బల్ల ఖాళీగా ఉంటే కూర్చుంది. సర్వరు వస్తే రెండు భోజనాలు చెప్పింది. రెండు కంచాలు వచ్చాయి. ఆవిరి వస్తోంది. ఎదురు కుర్చీని కాస్త వెనక్కి జరిపి పెట్టింది, ఆయన రాగానే కూర్చునేలా. పక్క బల్లల మీద సీట్ల నంబర్లతో తప్ప ఎవరో తెలియనివాళ్ళు తింటున్నారు, నవ్వుతున్నారు, ఉప్పు అడుగుతున్నారు. అయిదు నిమిషాలయింది. ఆయన కంచం చల్లారకుండా ఇంకో కంచం తెప్పించి బోర్లించింది. పది నిమిషాలయింది. మరుగుదొడ్డి దగ్గర వరుస ఉందేమో. లేచి వెతకొచ్చు. కానీ తను లేచిన క్షణంలోనే ఆయన వచ్చి, ఖాళీ కుర్చీ చూసి, తిరిగి వెళ్ళిపోతే? అందుకని కదల్లేదు. తన కంచంలోనూ చెయ్యి పెట్టలేదు. మొదటి ముద్ద నుంచి కదా అనుకున్నది.

పావుగంటకు కిటికీలోంచి చూస్తే, బస్సు పక్కన వంగి ఎవరో టైర్లు తడుతున్నారు. ఆ వంగడం ఆవిడకు తెలుసు.

తను ఎదురుచూస్తున్నంతసేపూ ఆయన హోటల్లోనే ఉన్నాడు. పరదా తీసుకుని డ్రైవర్ల గదిలోకి వెళ్ళాడు. గోడ వైపు తిరిగి కూర్చున్నాడు. వాళ్ళూ అలవాటుగా కంచం పెట్టారు. తిన్నాడు. నడుం వాల్చాడు. తరువాత ఆవిడ ఎన్నోసార్లు అడిగింది, తిట్టడానికి కాదు, తెలుసుకోవడానికి. "పరదా ఎత్తేదాకా నువ్వు నా పక్కనే ఉన్నావే. పరదా పడ్డాక ఏమైందో తెలీదు. నేను డ్యూటీలో ఉన్నాను" అనేవాడు. అంతకు మించి ఆయనకూ తెలియదు.

హారన్ మోగింది. ముప్ఫై నిమిషాలూ అయిపోయాయని జనం లేచారు. ఆవిడ లేవబోయి రెండు కంచాల వైపు చూసింది. మూత తీసి ఒక్క ముద్దయినా నోట్లో పెట్టుకుందామనుకుంది. గొంతు ఒప్పుకోలేదు. మెట్లు దిగేసరికి బస్సు తలుపు దగ్గర ఎవరూ లేరు. ఆయన బస్సు ముందు భాగంలో, డ్రైవరు పక్కన ఇంజను మీద కూర్చుని ఏదో చెబుతున్నాడు. గేరు సంగతేదో అయి ఉంటుంది. "అందరూ ఎక్కారా గురువుగారూ?" అని డ్రైవరు అడగడం వినబడింది. ఆయన తల తిప్పకుండా, "పోనీ" అన్నాడు.

బస్సు నాలుగు గజాలు కదిలింది. లోపల ఎవరో ముసలావిడ, "పదకొండో సీటు అమ్మాయి రాలేదు, ఆపండి!" అని అరిచింది. యాభై దాటిన మనిషిని అమ్మాయి అన్నందుకు ఇంకెప్పుడైనా అయితే ఆవిడ నవ్వుకునేది. బస్సు ఆగింది. ఆవిడ పరిగెత్తలేదు. నడుచుకుంటూ వెళ్ళి ఎక్కింది. అప్పుడు ఆయన తిరిగి చూశాడు. చూసి, అలాగే ఉండిపోయాడు. తన రెండు పాదాల వైపు చూసుకున్నాడు, అవి ఎవరివో అన్నట్టు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను" అంది ఆవిడ.

సాయంత్రం ఆసుపత్రిలో చేర్చుకున్నారు. మరునాటి ఆపరేషన్‌కు ఆ సాయంత్రం నుంచే నోట్లో ఏమీ పెట్టకూడదన్నారు. అంటే పొద్దున ఇంట్లో బస్సు వేళకని నీళ్ళతో మింగిన నాలుగు ముద్దలే చివరివి. అప్పుడు తెలియదు.

ఆపరేషన్ బాగానే జరిగిందన్నారు. ఏది బాగానో వాళ్ళకే తెలుసు. పలచటి గంజి, వడకట్టిన పాలు, గోరువెచ్చని నీళ్ళు దిగుతాయి. నమిలేది ఏదీ దిగదు. గొంతులోంచి మాట బదులు గాలి వస్తుంది. చెవి దగ్గర పెడితే అందులో మాట దొరుకుతుంది. "కోసింది మూసుకుపోయిందే" అని చెల్లెలి చెవిలో చెప్పింది ఒకసారి. చెల్లెలు వంటింట్లోకి వెళ్ళి చాలాసేపు గిన్నెలు కడిగింది, కడిగిన గిన్నెలే.

మళ్ళీ దుకాణానికి వెళ్ళసాగింది. కాజాలకు గొంతుతో పనిలేదు. మధ్యాహ్నం డబ్బాలు విప్పే వేళకు మాత్రం లేచి మెట్ల మీద కూర్చునేది. ఒకరోజు అక్కడుండగా వీధి చివరి హోటల్ సర్వరు సైకిలు దిగి వచ్చాడు.

"అమ్మా, అయ్యగారు రోజూ మా హోటల్‌కి వస్తున్నారు, తెలుసా మీకు?"

తెలియదని తల అడ్డంగా తిప్పింది.

"మూడింటికి వస్తారు, రద్దీ ఉండదని. ఒక్క కంచం తీసుకుని గంటసేపు తింటారు. వేళ్ళు ముడుస్తూ ఏదో లెక్కపెడతారు. ఎదురుగా ఎవరూ ఉండరు కానీ అటు కూడా గ్లాసులో నీళ్ళు పొయ్యమంటారు. మొదట్లో నవ్వుకున్నామమ్మా. ఇప్పుడు అడక్కముందే పోస్తున్నాం." ఒక మెట్టెక్కి, "నిన్న కంచం ఖాళీ అయ్యాక కూడా పావుగంట కూర్చున్నారు. బల్ల పట్టుకుని. అయినా లేవలేదు" అన్నాడు, తన సొంత పిల్లవాడు పరీక్ష పాసైనట్టు.

ఆవిడకు ఏం చెయ్యాలో తోచలేదు. ఇప్పుడెందుకిది? ఇప్పుడు తను ఎదురుగా కూర్చుంటే ఏం తింటుంది? ఇంటికి వెళ్ళి అడగాలనుకుంది. అడగలేదు. ఆయనా చెప్పలేదు. సాయంత్రం ఆవిడ గంజి తాగుతుంటే ఎదురుగా వచ్చి కూర్చుని గ్లాసు ఖాళీ అయ్యేదాకా కదల్లేదు. చూస్తున్నాడని ఆవిడకు ఇంకా కష్టంగా దిగింది.

మూడు నెలలకు చూపించుకోవడానికి రమ్మన్నారు. అదే లైను, అదే డ్రైవరు, సీట్లు మాత్రం వేరే. వెళ్ళేటప్పుడు హోటల్ దగ్గర ఇద్దరూ బస్సు దిగలేదు. ఆసుపత్రిలో గొంతులోకి చూసి, "ఇంతే ఉంటుంది, ఇంతకన్నా తగ్గదు, పెరగదు" అన్నారు. మర్నాడు తిరుగుప్రయాణంలో బస్సు ఆ హోటల్ దగ్గరే ఆగింది.

"ఇరవై నిమిషాలు!" అన్నాడు డ్రైవరు. ఈసారి ఎక్కువ అడగమని ఆవిడ అనలేదు, ఆయనా అడగలేదు.

ఆయన ఆవిడ మోచేయి పట్టుకున్నాడు. కంకర మీద పట్టు వదల్లేదు. పరదా పక్కనుంచి పోతుంటే లోపలినుంచి ఎవరో, "రండి గురువుగారూ" అన్నారు. ఆయన చెయ్యి ఇంకా గట్టిగా బిగిసింది, నొప్పి పుట్టేంత. మెట్లెక్కారు. కిటికీ పక్క బల్ల. ఆవిడను కూర్చోబెట్టి, ఎదురుగా కూర్చుని, ఒక భోజనం, గోరువెచ్చని పాలు ఒక గ్లాసు చెప్పాడు.

"నువ్వు లేవమనేదాకా లేవను. ఏం జరిగినా సరే" అన్నాడు. ఎన్నాళ్ళుగా మోస్తున్న మాటో, చెప్పేసరికి ఆయాసం వచ్చింది.

కంచం వచ్చింది. ఆవిరి ఆవిడ ముఖానికి తగిలింది. ఏదో కాలీకాలని పోపు వాసన. ఆయన ముద్ద చేశాడు, దాన్ని చూశాడు, నోట్లో పెట్టుకున్నాడు. ఎడమ చేతి వేళ్ళు బల్ల అంచు మీద ఒకటొకటిగా ముడుచుకుంటున్నాయి. ఇరవై. మింగాడు. రెండో ముద్ద. చూపు కంచం దాటి పైకి రావడం లేదు, వస్తే లెక్క తప్పుతుంది. కొండదారిలో ముందు అద్దంలోంచి చూసినట్టు కళ్ళార్పకుండా చూస్తున్నాడు. కణతల మీద చెమట. మోకాలు బల్ల కింద అదురుతోంది, గ్లాసులో పాలు సన్నగా వణికేంత.

ఇదే కదా అడిగింది. ఎదురుగా కూర్చోవాలి, మొదటి ముద్ద నుంచి. ఆవిడకు నోట్లో నీళ్ళూరాయి. మింగితే నొప్పి. పాలు ఒక గుటక తాగింది. ఆయన కంచంలో అన్నం కొండలా ఉంది, తరుగుతున్నట్టే లేదు. పాపం, ఆ అన్నాన్ని ఆయన తినడం లేదు, మోస్తున్నాడు. చాల్లెండి, లేవండి అని చెప్పాలి. ఆయన చెవి బల్లకు అవతల ఉంది. ఆవిడ వంగింది. నోరు తెరిచింది. గాలి కూడా రాలేదో, వచ్చినా పక్క బల్ల మీద కంచాల చప్పుడులో కలిసిందో. ఆయన తలెత్తలేదు. పద్నాలుగు, పదిహేను, వేళ్ళు ముడుచుకుంటూనే ఉన్నాయి.

చెయ్యి చాచి ఆయన చేతి మీద వెయ్యొచ్చు. అది ఆవిడకు తెలుసు. ఎందుకో చెయ్యి చీర కొంగు దగ్గరే ఉండిపోయింది.

ఆయన అలా మోయడం ఇక చూడలేక లేచింది. చెయ్యి కడుక్కోవడానికి వెళ్తోందనుకుని ఉంటాడు, కదలలేదు. మెట్లు దిగింది. కంకర దాటింది. బస్సెక్కి తన సీట్లో, కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు మీద ఆయన తువ్వాలు మడతపెట్టి ఉంది.

హారన్ మోగింది. బస్సు అద్దంలోంచి హోటల్ కిటికీ కనబడుతోంది. ఆయన వీపు, బల్ల, పాల గ్లాసు, వెనక్కి జరిగిన తన కుర్చీ. హారన్‌కు ఆయన భుజాలు ఉలిక్కిపడ్డాయి. లేవలేదు. చెయ్యి మళ్ళీ కంచంలోకి వెళ్ళింది. రెండో హారన్. భుజాలు మళ్ళీ ఎగిరాయి. లేవలేదు.

జనం ఎక్కి కూర్చున్నారు. డ్రైవరు ఎక్కాడు. వెనక్కి తిరిగి, గురువు నేర్పిన మాటే అన్నాడు.

"మీ పక్క సీటువాళ్ళు వచ్చారా? ఎవరి పక్కవాళ్ళను వాళ్ళు చూసుకోండి!"

అందరూ పక్కలకు చూసుకున్నారు. "ఆఁ, ఆఁ" అన్నారు. డ్రైవరు చూపు వరుసలు దాటుకుంటూ వచ్చి ఆవిడ దగ్గర ఆగింది. ఆవిడ తువ్వాలు తీసి ఒళ్ళో పెట్టుకుంది. డ్రైవరు, గురువుగారు వెనకెక్కడో తెలిసినవాళ్ళ దగ్గర కూర్చున్నారనుకున్నాడో ఏమో, ముందుకు తిరిగాడు.

బస్సు కంకర మీద మెల్లగా తిరిగింది. హోటల్ కిటికీ అద్దంలో ఒకసారి దగ్గరగా వచ్చింది. ఆయన ఎడమ చేతి వేళ్ళు ముడుచుకుని ఉన్నాయి, లెక్క ఎక్కడిదాకా వచ్చిందో. తలెత్తి ఎదురు కుర్చీ వైపు చూస్తున్నాడు. ఆవిడ పెదాలు కదిలాయి. వెళ్ళొస్తానని కాదు, లేవమనీ కాదు, నిదానంగా తినండని. బస్సు రోడ్డెక్కింది.